తల నేలను బట్టి, తోక నీటి వేడిని బట్టి: బాస్ చేపకు జిగ్ ఎంచుకునే పద్ధతి

డాలస్ పరిసరాలలో స్థిరపడిన తెలుగువారు లూయిస్‌విల్, రే రాబర్ట్స్ వంటి జలాశయాల ఒడ్డున వానపాము గుచ్చిన గాలంతో మొదలుపెట్టి, కొంతకాలానికి బాస్ చేప మీద మనసు పడి, జిగ్ కొందామని దుకాణానికి వెళ్లి, గోడ నిండా వేలాడుతున్న పొట్లాలలో రంగు నచ్చినవేవో తీసుకొని బయటికి రావడం మామూలే. నేనూ అదే చేశాను. లూయిస్‌విల్ ఆనకట్ట వాలుకు పరిచిన రివిట్‌మెంట్ రాళ్ల మధ్య ఒక్క మధ్యాహ్నంలో ఆరు జిగ్‌లు పోగొట్టుకున్న తరువాత గాని, ఆరింటికీ రంగులు వేరైనా తల ఆకారం ఒక్కటేనని, అది రాళ్ల మీద లాగడానికి చేసినది కాదని నాకు తెలిసిరాలేదు.

జిగ్ అంటే కొక్కెం మెడ దగ్గర సీసంతో గాని టంగ్‌స్టన్‌తో గాని పోతపోసిన బరువైన తల. దాని వెనుక సిలికాన్ పోగుల కుచ్చు ఉంటుంది. దానిని స్కర్ట్ అంటారు. తల మీది నుంచి కొక్కెం మొన వైపుకు గట్టి పోగుల కట్ట ఒకటి ఏటవాలుగా నిలబడి, మొన కర్రలకూ గడ్డికీ తగులుకోకుండా కాపాడుతుంది. అది వీడ్ గార్డ్. కొక్కేనికి వెనుక తోకలాగా గుచ్చే మెత్తటి ప్లాస్టిక్ ముక్క ట్రెయిలర్. ఇంతకూ ఈ సరంజామా దేనిని అనుకరిస్తుందంటే, చాలావరకు క్రాఫిష్‌ను, అంటే మంచినీటి రొయ్యకు పీత డెక్కలు తగిలించినట్టుండే ఆ జీవిని. కొన్నిసార్లు మాత్రం బ్లూగిల్, షాడ్ వంటి చిన్న చేపలను. లార్జ్‌మౌత్ బాస్‌కు మన కొరమీనుతో చుట్టరికం లేదు గాని, చాటున పొంచి ఉండి నోటికి అందేంత దగ్గరికి వచ్చినదానిని ఒక్కసారిగా మింగే స్వభావం రెండింటిదీ. కాబట్టి ఎరను ఆ చాటులోకి పంపి, చిక్కకుండా బయటికి తీసుకురాగలగడమే తల ఎంపికలో అసలు సంగతి.

తలను చేతిలోకి తీసుకున్నప్పుడు ఆకారం కంటే ముందు చూడవలసినది దారం ముడివేసే కన్ను ఎక్కడ ఉన్నదనేది. నీటి గడ్డిలోంచి జిగ్‌ను లాగుతున్నప్పుడు గడ్డిపోచలు దారం వెంట జారుతూ వచ్చి ముడిని చేరతాయి. కన్ను ముక్కు కొసన ఉండి, తల సూదిగా వెనక్కి వెడల్పయితే, ఆ పోచలు తల మీదుగా జారిపోతాయి. కన్ను తల పైభాగాన నిలువుగా ఉంటే, ముడికీ ముక్కుకూ మధ్య ఏర్పడిన సందులో పోచలు ఇరుక్కొని, నాలుగు చుట్లు తిప్పేసరికి జిగ్ గడ్డి మోపులా తయారవుతుంది. నేల మీద లాగేటప్పుడు ఇందుకు వ్యతిరేకం: పైకి ఉన్న కన్ను తలను నేలకు ఆనించి, కొక్కెం మొనను పైకి నిలబెడుతుంది. అందువల్లనే గడ్డిలో ఈదించే జిగ్‌లకు కన్ను సుమారు 30 డిగ్రీల వాలులోనూ, రాళ్ల మీద లాగేవాటికి 60 నుంచి 90 డిగ్రీలలోనూ పెడతారు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే, పొట్లం మీద ఏ పేరు రాసి ఉన్నా ఆ తల ఎక్కడ పనిచేస్తుందో మీరే చెప్పగలుగుతారు.

ఇక ఆకారాలు. అమెరికన్ ఫుట్‌బాల్ బంతిని అడ్డంగా పెట్టినట్టుండే ఫుట్‌బాల్ తల గులకరాళ్లకూ, గట్టి నేలకూ, రాతి వాలులకూ చేసినది. వెడల్పుగా ఉండటం వల్ల అది సన్నని తలలాగా రాళ్ల సందుల్లోకి జారి ఇరుక్కోదు. రాయికి తగిలినప్పుడు ముందుకు ఒరిగి, వెనుకనున్న ట్రెయిలర్‌ను పైకి లేపుతుంది, క్రాఫిష్ బెదిరి డెక్కలు ఎత్తినట్టు. అదే వెడల్పు కొమ్మల మధ్య శాపమవుతుంది. మునిగిన చెట్టు పంగలో పడిన ఫుట్‌బాల్ తలను వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. రే రాబర్ట్స్‌లోనూ, తూర్పు టెక్సస్‌లోని లేక్ ఫోర్క్‌లోనూ నీట మునిగి నిలిచిన చెట్లు విస్తారంగా ఉన్నాయి కనుక, అటువంటి చోట ఆర్కీ తల మేలు. అది పక్కలు కాస్త నొక్కినట్టు చదునుగా, కింది అంచు వెడల్పుగా ఉండి, మొద్దుల మీదుగా ఎక్కి దిగేటప్పుడు పక్కకు ఒరిగిపోదు. మొదటిసారి ఒకే ఒక తల కొనేవారికి నేను చెప్పేది ఆర్కీయే. అది ఏ ఒక్కచోటా అన్నిటికంటే గొప్పది కాకపోయినా, ఎక్కడా పూర్తిగా చేతకానిది కాదు.

గడ్డికి కోసుముక్కు తల కావాలి. ఇందులో రెండు రకాలున్నాయి. స్విమ్ జిగ్‌కు కొక్కెం కాస్త సన్నగా, వీడ్ గార్డ్ పలచగా ఉంటాయి. దానిని నేలకు దించకుండా గడ్డి పైఅంచున ఈదిస్తూ తెస్తారు. దట్టమైన హైడ్రిల్లాలోకి నిట్టనిలువునా దించవలసి వస్తే, అదే కోసుముక్కుకు లావుపాటి కొక్కెం, గట్టి వీడ్ గార్డ్ ఉన్న గ్రాస్ జిగ్ తీసుకోవాలి. మన చెరువుల్లో కనిపించే హైడ్రిల్లాయే అమెరికాకు చేరి అక్కడి జలాశయాలను కమ్మేసింది. అక్కడి అధికారులకు అది తలనొప్పి, జిగ్ వేసేవారికి మాత్రం చేపల కొట్టు. గుండు తలలూ, పుట్టగొడుగు తలలూ మరో జాతివి. వాటిలో చాలావాటికి స్కర్ట్ ఉండదు, ప్లాస్టిక్ ముక్కే మొత్తం దేహం. స్వచ్ఛమైన నీటిలో, జనం తాకిడి ఎక్కువైన చోట, చేప పెద్ద ఎరను అనుమానించే రోజులలో అవి పనికొస్తాయి.

బరువు విషయంలో మొదలుపెట్టవలసినది 3/8 ఔన్సు, అంటే సుమారు 10.6 గ్రాములు. పది అడుగుల లోతు దాటితే, లేదా గాలి దారాన్ని విల్లులా వంచేస్తుంటే 1/2 ఔన్సుకు వెళ్లాలి. మోకాలి లోతు నీటిలో 1/4 ఔన్సు చాలు. నేల తగిలినట్టు చేతికి తెలిసే బరువులలో అన్నిటికంటే తక్కువదానిని ఎంచుకోవడం మంచి అలవాటు, ఎందుకంటే చాలాసార్లు బాస్ జిగ్‌ను అందుకునేది అది దిగుతున్నప్పుడే. ఒక మినహాయింపు ఉంది: ఎండాకాలంలో ఆకలి లేని చేప కూడా ముక్కు ముందు నుంచి వేగంగా పడేదానిని అప్రయత్నంగా అందుకుంటుంది కనుక, అప్పుడు కావాలనే బరువు పెంచుతారు.

సీసమా, టంగ్‌స్టనా అనే ప్రశ్న ధరతో ముడిపడినది. టంగ్‌స్టన్ సాంద్రత సీసానికి ఇంచుమించు 1.7 రెట్లు. అదే బరువు చిన్న తలలో ఇమిడి, గట్టి లోహం కావడం వల్ల రాయికీ కర్రకూ మట్టికీ ఉన్న తేడాను చేతికి స్పష్టంగా చెబుతుంది, కానీ ఖరీదు చాలా ఎక్కువ. జిగ్‌లు పోగొట్టుకునే రాళ్లలో సీసం, తాకిడిని పసిగట్టవలసిన లోతులలో టంగ్‌స్టన్ వాడటం నా పద్ధతి. అయితే అమెరికా ఈశాన్యంలోని కొన్ని రాష్ట్రాలలో ఉన్నవారికి ఈ స్వేచ్ఛ లేదు. లూన్ అనే నీటిపక్షులు సీసపు ముక్కలను మింగి చనిపోతున్నందువల్ల న్యూ హాంప్‌షైర్‌లో ఒక ఔన్సు, అంతకు తక్కువ బరువున్న సీసపు జిగ్‌ల వాడకం నిషిద్ధం. మసాచుసెట్స్ మంచినీటి జలాలలోనూ ఇటువంటి ఆంక్ష ఉంది.

తలకు నేల ఎలాగో, ట్రెయిలర్‌కు నీటి వేడిమి అలాగ. చేప శీతరక్త జీవి. నీరు చల్లబడే కొద్దీ దాని జీర్ణశక్తి, కదలిక మందగిస్తాయి. క్రాఫిష్ కూడా అప్పుడు బద్ధకంగానే కదులుతుంది. కాబట్టి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూ ఉన్న జనవరి నీటిలో డెక్కలు టపటపలాడించే ట్రెయిలర్ అసహజంగా ఉంటుంది. అప్పుడు చంక్ పెట్టాలి. అది మందమైన చిన్న దేహం, రెండు పొట్టి కాళ్లతో, మీరు కదిలిస్తే తప్ప కదలనిది. పూర్వం పంది చర్మంతో, కొవ్వుతో చేసి ఉప్పునీటి సీసాలలో అమ్మిన ట్రెయిలర్ల ఆకారమే ఇప్పుడు ప్లాస్టిక్‌లోకి వచ్చింది. నీరు 55 దాటి గుడ్లు పెట్టే కాలం దగ్గరపడే కొద్దీ, కాస్త ఊగే డెక్కలున్న క్రా ట్రెయిలర్‌కు మారవచ్చు. 65 దాటిన తరువాత, స్ట్రైక్ కింగ్ వారి రేజ్ క్రా వంటి, అంచులు వంపు తిరిగి నీటిని గట్టిగా కొట్టే రకాలు నిస్సంకోచంగా వాడవచ్చు. ఈ అంకెలు గీత గీసినట్టు ఉండవు. వసంతంలో 55 దగ్గర ఉన్న నీరు వేడెక్కుతున్నదా, ఉత్తరపు గాలికి రాత్రికి రాత్రి చల్లబడిందా అన్నది అంకె కంటే ముఖ్యం. చల్లబడిన ఉదయం తిరిగి చంక్‌కే వెళ్లాలి.

వేడిమికి లొంగని సందర్భాలు రెండున్నాయి. దట్టమైన గడ్డిలోకి, పొదలలోకి దించేటప్పుడు డెక్కలు ప్రతి పోచనూ పట్టుకుంటాయి కనుక, ఏ కాలమైనా బీవర్ రకం, అంటే చదునైన గీతల దేహం, వెనుక రెండు అతుక్కున్న తోకలు ఉన్నది మేలు. స్విమ్ జిగ్‌కు చేపతోక ఆకారంలో ప్యాడిల్ ఉన్న చిన్న స్విమ్‌బెయిట్ గుచ్చాలి, ఎందుకంటే అక్కడ అనుకరిస్తున్నది క్రాఫిష్‌ను కాదు. శరత్కాలంలో షాడ్ గుంపులు వాగు ముఖాల్లోకి ఎక్కినప్పుడు, తెల్లటి స్విమ్ జిగ్‌కు తెల్లటి ప్యాడిల్ తోక తగిలిస్తే ఇక ఆలోచించవలసినది పెద్దగా ఉండదు. ఫుట్‌బాల్ తలకు లోతు నీటిలో రెండు కొడవలి తోకల గ్రబ్ కూడా బాగా నప్పుతుంది.

చాలామంది పట్టించుకోని సంగతి, ట్రెయిలర్ కదలికనే కాక జిగ్ దిగే వేగాన్ని కూడా నిర్ణయిస్తుందనేది. ఒకే 3/8 ఔన్సు తలకు సన్నని బీవర్ పెట్టి ఒకసారి, వెడల్పాటి డెక్కల క్రా పెట్టి ఒకసారి మీ కాళ్ల దగ్గరి తేటనీటిలో వదలి చూడండి. రెండవది నీటిని అడ్డుకుంటూ నింపాదిగా దిగుతుంది. చేప పట్టడం లేదని రంగు మార్చేవారిని నేను చాలామందిని చూశాను. రంగు ముట్టుకోకుండా ట్రెయిలర్‌ను ఒక అంగుళం కత్తిరించో, పావు ఔన్సులోపు బరువు మార్చో దిగే వేగాన్ని సరిచేయడం ముందు చేయవలసిన పని. రంగుల గురించి చెప్పవలసినది కొంచెమే. తేటనీటికి గ్రీన్ పంప్‌కిన్, బురదనీటికీ చీకటి వేళలకూ నలుపు-నీలం, చిన్న చేపల అనుకరణకు తెలుపు ఉంటే ఏడాదంతా గడిచిపోతుంది. ట్రెయిలర్ స్కర్ట్‌తో అచ్చంగా కలవనక్కరలేదు.

గుచ్చే తీరులో పొరపాటు జరిగితే ఎంపికంతా వృథా. ట్రెయిలర్ ముక్కు మధ్యలోంచి కొక్కెం మొనను పంపి, దేహం లోపల ఒకటి రెండు సెంటీమీటర్లు నడిపి, కచ్చితంగా నడిమి గీత మీద బయటికి తీయాలి. వంకరగా గుచ్చినది నీటిలో గిరగిరా తిరిగి దారాన్ని మెలిపెడుతుంది. డెక్కలు చదునుగా, నేలకు సమాంతరంగా ఉండాలి. కొక్కెం మొనకూ కాండానికీ మధ్య ఖాళీ బాగా మిగలాలి. లావుపాటి చంక్ ఆ ఖాళీని నింపేస్తే చేప నోరు మూసినా మొన దిగదు, అందువల్ల దేహం పొడవైతే ముందు భాగాన్ని కోసి పొట్టి చేయాలి. ప్లాస్టిక్ జారిపోతుంటే తల వెనుక ఒక చుక్క సూపర్ గ్లూ చాలు. స్కర్ట్ పోగులు కొక్కెం వంపు దాటి అర అంగుళం కంటే ఎక్కువ వేలాడితే ట్రెయిలర్ కదలికను కప్పేస్తాయి కనుక కత్తిరించాలి. కొత్త జిగ్‌కు వీడ్ గార్డ్ సాధారణంగా మరీ గట్టిగా ఉంటుంది. వేలితో నొక్కితే కొక్కెం మొన వైపు తేలికగా వంగేదాకా కొన్ని పోగులు తీసేయాలి. రాళ్ల చోట సగం తీసేసినా నష్టం లేదు, కొమ్మల మధ్య మాత్రం తొందరపడి తీయవద్దు.

ఇక పెట్టెలో సర్దే సంగతి. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా జీమ్యాన్, ఎలాజ్‌టెక్ అనే సాగే పదార్థంతో ట్రెయిలర్లు చేస్తాయి. అవి నీటిలో తేలి డెక్కలను పైకి నిలబెడతాయి, చాలా చేపలకు ఓర్చుకుంటాయి. వాటిని మామూలు మెత్తటి ప్లాస్టిక్‌తో కలిపి ఉంచితే రెండూ కరిగి ముద్దవుతాయి కాబట్టి, వచ్చిన సంచిలోనే విడిగా ఉంచాలి. తడి జిగ్‌లను మూత పెట్టిన పెట్టెలో వదిలేస్తే వారంలో కొక్కేలకు తుప్పు పడుతుంది, ప్లాస్టిక్‌లోని ఉప్పు దానిని మరింత తొందరపెడుతుంది. అందుకే ఇంటికి రాగానే ట్రెయిలర్ విడదీసి, జిగ్‌ను కడిగి ఆరబెట్టాలి. చిరిగిన ట్రెయిలర్‌ను నీటిలోకి విసరకుండా జేబులో వేసుకొని రావాలి, ఎందుకంటే చేప దానిని మింగుతుంది గాని అరిగించుకోలేదు.