గోదావరి డెల్టాలో మే నెల లైవ్ షో: ఎక్కడ నిలబడాలి, ఎలా ఇల్లు చేరాలి

ఇష్టమైన బ్యాండ్ మన వైపు వస్తోందనగానే అందరూ ముందు వరస టికెట్ కోసం ఎగబడతారు. మొదట తెలుసుకోవాల్సింది మాత్రం షో ఎన్నింటికి అయిపోతుందని. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. సాంస్కృతిక కార్యక్రమాలకైతే రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా 12 దాకా సడలించవచ్చు. మీ షో 10కి ఆగేదో 12కి ఆగేదో నిర్వాహకుల్ని అడగండి. దానికి ఇంకో గంట కలిపి తిరుగు ప్రయాణం చూసుకోండి. గేటు దాటి బండి బయటికి తీసేసరికే ఆ గంట అయిపోతుంది.

భీమవరం, తణుకు, రాజమండ్రిలో అయితే రైలుంది. అమలాపురానికి రైలు లేదు, ఆఖరి బస్సు తప్పితే కారు మాట్లాడుకోవాల్సిందే. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వచ్చేవాళ్లు అర్ధరాత్రి మళ్లీ పంటు దొరుకుతుందని నమ్ముకోకుండా, చించినాడ వంతెన మీదుగా వెళ్లేలా ముందే బండి చెప్పుకోండి. బైకు మీదైతే దగ్గరదారి అని కాలువ గట్టెక్కకండి. గట్టు మలుపుల్లో అడ్డం ఏమీ ఉండదు. పైగా దాళ్వా (రబీ) ధాన్యం రోడ్డు మీదే ఆరబోసి, రాత్రికి బరకాలు కప్పి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఆ రాళ్లు హెడ్‌లైటు వెలుగులో మీదకొచ్చేదాకా కనపడవు.

ఊరి బయట షో అంటే ఒక్కోసారి కోతలైన వరి చేనే మైదానం. ఎండిన నల్లరేగడిలో నెర్రెలు ఉంటాయి, చీకట్లో పాదం మడత పడేది అక్కడే. వరి కొయ్యలు చెప్పుల పక్కనుంచి గుచ్చుకుంటాయి. మడమను పట్టి ఉంచే బూట్లు వేసుకోండి. ఒక్క జల్లు పడితే అదే నేల బంకలా అంటుకుని కార్లు కదలవు. అందుకని చేను లోపలికి దించకుండా, ముందు చక్రాలు రోడ్డు వైపు ఉండేలా గట్టి నేల మీద ఆపండి. బైకు సైడ్ స్టాండ్ కింద చదునైన రాయో ఇటుక ముక్కో పెట్టకపోతే బండి పక్కకు ఒరిగి పడుతుంది.

ఎండ సంగతి. మే నెలాఖరుకు రోహిణి కార్తె వస్తుంది. సముద్రపు తేమ వల్ల చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే సాయంత్రం 5కి కూడా క్యూలో కళ్లు తిరుగుతాయి. బ్యాండ్ పేరున్న నల్ల టీషర్టు సంచిలో పెట్టుకుని, చీకటి పడ్డాక మార్చుకోండి. ఓఆర్‌ఎస్ విషయంలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది: లీటరు నీళ్లకు కొలిచిన పాకెట్‌ను అర లీటరు సీసాలో పోసేస్తారు. అది మోతాదుకు మించి చిక్కనై, దాహం తీర్చకపోగా కడుపులో తిప్పుతుంది. పాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్నే పోయండి. టాయిలెట్లు సరిగా ఉండవని నీళ్లు తాగకుండా ఉండటం, ముఖ్యంగా ఆడవాళ్లు, ఇంకా పెద్ద పొరపాటు. బయల్దేరే ముందు ఉప్పేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగండి. పక్కనున్న మనిషి తడబడుతూ, సంబంధం లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇక ఎక్కడ నిలబడాలి? సౌండ్ మిక్సర్ పెట్టిన టెంటు దగ్గర. మిక్సర్ నడిపే ఇంజనీరు తన చెవికి వినిపించేదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు, కాబట్టి అసలు పాట అక్కడుంటుంది. స్టేజీ అంచున నిలబడితే పైన వేలాడే పెద్ద స్పీకర్లు మీ తల మీదుగా వెనక్కి కొడతాయి. మీకు డ్రమ్సు, గిటార్ ఆంప్లు తప్ప గొంతు సరిగా అందదు. కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపే బెంగళూరు అగం లాంటి బ్యాండ్‌ను అలా వింటే వయొలిన్ గమకాలన్నీ గాలికి పోయినట్టే. స్టేజీకి సరిగ్గా నడిమధ్య గీతలో రెండు వైపుల బాస్ కలిసి గుండెల్లో దడదడలాడిస్తుంది. నాలుగైదు అడుగులు పక్కకు జరిగితే తేలికపడుతుంది. వెనక రైస్ మిల్లు గోడలాంటిది ఉంటే దానికి దూరంగా ఉండండి, తిరిగొచ్చే శబ్దం మాటల్ని మింగేస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది, 100 మీటర్ల వెనక నిలబడితే తెర మీద పెదవులు ముందు కదులుతాయి, పాట తర్వాత వస్తుంది. అది తెర తప్పు కాదు.

గాలి కూడా చూడండి. సముద్రపు గాలి స్టేజీ వైపు నుంచి మీ మీదకు వీస్తుంటే వెనక కూడా స్పష్టంగా వినిపిస్తుంది. ఎదురు వీస్తే పాట ఊగుతూ వస్తుంది, అప్పుడు ముందుకు జరగాల్సిందే. ఫ్లడ్‌లైట్ల కింద మాత్రం వద్దు. ఒక వాన పడ్డాక దీపం పురుగులు నోట్లో పడతాయి.

మే సాయంత్రాల్లో ఈదురుగాలి, పిడుగులు చెప్పకుండా వస్తాయి. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువుంటే పాట ఎంత బాగున్నా పక్కా భవనంలోకో కారులోకో వెళ్లండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. కొబ్బరిచెట్ల కింద, లైట్లు కట్టిన ఇనుప చట్రాల పక్కన నిలబడకూడదు.

జనం పెరిగాక ఫోన్ పనిచేయదు. టికెట్ క్యూఆర్ కోడ్ ఇంట్లోనే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, విడిపోతే కలిసే చోటు గేటు బయట చెప్పుకోండి.

చెవులకు ఫోమ్ ప్లగ్‌లు తీసుకెళ్లండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని వినడానికి 8 గంటలు పరిమితి అయితే, పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కు అది సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోండి. నలపకుండా పెడితే పాట మధ్యలో జారిపోతుంది. మర్నాటికీ చెవిలో గుయ్యిమనే శబ్దం తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించుకోండి.