ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకోవడం ఎలా? దసరా నుంచి సంక్రాంతి దాకా తొలి మూడు నెలలు

విజయనగరంలో ఎవరైనా సంగీతం నేర్చుకుంటున్నానంటే వెంటనే వచ్చే ప్రశ్న "వయొలినా, వీణా, గాత్రమా?" అనే. ఎలక్ట్రిక్ గిటార్ అంటే మాత్రం పెద్దవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. వయొలిన్ కూడా ఒకప్పుడు బయటి నుంచి వచ్చిన వాయిద్యమే. 1919లో మన ఊళ్ళో సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. అక్కడే వయొలిన్ ఆచార్యులైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఇప్పుడు ఆ వాయిద్యాన్ని పరాయిది అనేవాళ్ళు లేరు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ అయితే ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే కర్ణాటక సంగీతం వాయించి ప్రపంచమంతా తిరిగారు.

ఇది చెప్పడానికి కారణం ఉంది. గిటార్ పట్టుకున్న రోజు నుంచి మనకు తెలిసిన సరిగమలను పక్కన పెట్టేసి, అంతా కొత్తగా నేర్చుకోవాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. చిన్నప్పుడు నాలుగు నెలలు సంగీతం క్లాసుకి వెళ్ళి మానేసినా సరే, ఆ చెవి ఇక్కడ పనికొస్తుంది. నేను దసరా తర్వాత మన ఊళ్ళో జరిగే సిరిమానోత్సవం అయిన మరునాడు మొదలుపెట్టాను. సంక్రాంతికి ఎంత వచ్చిందో, ఏ క్రమంలో వచ్చిందో ఆ లెక్కనే రాస్తున్నాను.

మొదటి పని: కొనడం, కొన్నది చూసుకోవడం

బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. అందులో శబ్దాన్ని పెంచేది ఆ డొల్ల కుండ. ఎలక్ట్రిక్ గిటార్ చెక్క చాలావరకు గట్టి దిమ్మే. దాని శబ్దం తీగల కింద ఉండే పికప్‌లోంచి వస్తుంది. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టిన చుట్ట. పైన స్టీలు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటునే యాంప్, అంటే శబ్దాన్ని పెంచే స్పీకరు పెట్టె, పెద్దది చేస్తుంది. నైలాన్ తీగలు దీనికి పనికిరానిది అందుకే.

ఒక్క చుట్ట ఉన్నదాన్ని సింగిల్ కాయిల్ అంటారు. శబ్దం తేటగా ఉంటుంది కానీ ఇంట్లోని 50 హెర్ట్జ్ కరెంటు గుయ్‌మనే హోరుని కూడా పట్టుకుంటుంది. రెండు చుట్టలని ఎదురెదురుగా కలిపి ఆ హోరుని కొట్టేసేది హంబకర్. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో దాన్ని తయారుచేశారు. మొదటి గిటార్‌కి రెండు రకాలూ ఉన్నది దొరికితే మంచిది. లేకపోతే దిగులు పడకండి, ఏదైనా సరిపోతుంది.

గిటార్‌తో పాటు చిన్న యాంప్, ఒక కేబుల్, భుజానికి పట్టీ, 0.7 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు మూడు పిక్‌లు (తీగలు మీటే చిన్న బిళ్ళలు) కావాలి. 10 వాట్ల యాంప్ గదికి ఎక్కువే. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న యాంప్ తీసుకోండి.

కొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది తీగల ఎత్తు. నేను ఇది చూడలేదు. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లే ఫ్రెట్‌లు, బిరడాల వైపు నుంచి లెక్కపెట్టాలి. నాకు అమ్మిన గిటార్‌లో 12వ ఫ్రెట్ దగ్గర తీగ దాదాపు 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. మూడు వారాలు వేళ్ళు కోసుకుపోయేలా నొక్కి, నా వేళ్ళలోనే బలం లేదనుకున్నాను. తెలిసినవాళ్ళు ఒకరు బ్రిడ్జి (తీగల అడుగు కొసలు ఆనే లోహపు భాగం) దగ్గర మరలు తిప్పి తీగలు దించారు. పావుగంట పని. ఆ సాయంత్రమే నా చేయి వేరేవాళ్ళ చేయిలా అనిపించింది. మీరు జేబులో ఒక స్కేలు పెట్టుకుని వెళ్ళండి. 12వ ఫ్రెట్ పైన లావు తీగకి 2 మిల్లీమీటర్లు, సన్న తీగకి 1.5 చుట్టూ ఉంటే బాగున్నట్టు. అంతకంటే చాలా ఎక్కువ ఉంటే దించి ఇమ్మని అక్కడే అడగండి. తీగలు 9 నంబరు సెట్టు (సన్నని తీగలది) అయితే మొదట్లో వేళ్ళకి తేలిక.

ప్లగ్ పెట్టే ముందు

మన పాత ఇళ్ళలో చాలాచోట్ల మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది కానీ పైన ఉండే పెద్ద రంధ్రానికి లోపల ఎర్త్ వైరు ఉండదు. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా యాంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ ఉందో లేదో ఒకసారి చూపించండి. తీగలు ముట్టుకుంటే హోరు తగ్గడం మామూలే. ముట్టుకున్నప్పుడు వేళ్ళకి జివ్వుమంటే మాత్రం వెంటనే ప్లగ్ తీసేయండి, బాగుచేయించే దాకా మళ్ళీ పెట్టొద్దు. ఫ్యాన్ రెగ్యులేటర్‌కీ ట్యూబ్‌లైట్‌కీ దూరంగా కూర్చుంటే కూడా హోరు తగ్గుతుంది.

కరెంటు పోతే సాధన ఆపక్కర్లేదు. యాంప్ లేకుండా గిటార్ చిన్నగా మోగుతుంది, వేళ్ళకి అది చాలు.

శ్రుతి

లావు తీగ ఆరోది, అన్నిటికంటే సన్నది ఒకటోది. ఆరు నుంచి ఒకటి దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని బిరడాలు తిప్పండి. శ్రుతి ఎక్కువైతే బాగా దించేసి, మళ్ళీ కింది నుంచి పైకి తెచ్చి ఆపండి. పైనుంచి దించి ఆపితే బిరడా దగ్గర వదులు మిగిలి, కాసేపటికి తీగ ఇంకా దిగుతుంది.

వారం తర్వాత యాప్ ఒక్క ఆరో తీగకే వాడి, మిగతావి చెవితో కలపండి. ఆరో తీగని 5వ ఫ్రెట్‌లో నొక్కితే వచ్చేదే ఐదో తీగ ఖాళీగా మోగే స్వరం. అలాగే ఐదు నుంచి నాలుగు, నాలుగు నుంచి మూడు. మూడో తీగకి మాత్రం 4వ ఫ్రెట్ నొక్కి రెండోది కలపాలి. రెండో తీగకి మళ్ళీ 5వ ఫ్రెట్. రెండు స్వరాలూ కలవబోతున్నప్పుడు వావ్ వావ్ అని అలలా వినిపిస్తుంది. అల నెమ్మదించి ఆగిపోయిందంటే శ్రుతి కలిసింది. ఈ అల వినడం వచ్చిన రోజు మీ చెవి తయారైనట్టే. దీనికి రోజుకి ఐదు నిమిషాలు కేటాయించండి.

మొదటి నెల: ఒక్క తీగ మీద సరళీ స్వరాలు

యాంప్‌లో క్లీన్ చానల్ పెట్టండి. గెయిన్ (గిటార్ నుంచి వచ్చే శబ్దాన్ని యాంప్ మొదట్లోనే పెంచే మర) తక్కువ, బాస్, మిడ్, ట్రెబుల్ మూడూ మధ్యలో. డిస్టార్షన్, అంటే శబ్దాన్ని కావాలని గరుకుగా నలిపే పద్ధతి, వాడొద్దు. ఈ ఒక్క మాట మీద నేను గట్టిగా ఉంటాను. డిస్టార్షన్‌లో తప్పు స్వరం కూడా ఘనంగా వినిపిస్తుంది. వేలు సగమే నొక్కినా, పక్క తీగ తగిలినా తెలియదు. క్లీన్‌లో ప్రతి తప్పూ వినిపిస్తుంది, విన్నదాన్నే దిద్దుకోగలం.

కుర్చీ అంచున నిటారుగా కూర్చోండి, పట్టీ కూర్చున్నప్పుడు కూడా వేసుకోండి. ఎడమ బొటనవేలు మెడ వెనకాల ఆనాలి. వేలి కొనతో నొక్కండి, ఫ్రెట్ లోహం మీద కాకుండా దానికి కాస్త వెనకాల. అక్కడైతే తక్కువ బలానికే స్వరం తేటగా పలుకుతుంది. ఎంత తక్కువ బలంతో పలుకుతుందో వెతకండి. స్వరం బరబరమనే దాకా వేలు వదులు చేసి, పలికే దాకా మళ్ళీ నొక్కండి. ఎక్కువ నొక్కడం మొదటి నెలలో అందరూ చేసే తప్పు.

ఇప్పుడు మూడో తీగ. ఖాళీ తీగే స. 2వ ఫ్రెట్ రి, 4 గ, 5 మ, 7 ప, 9 ద, 11 ని, 12 పై స. ఇది శంకరాభరణం. క్లాసులో నేర్పినట్టు మాయామాళవగౌళ కావాలంటే రి ఒకటో ఫ్రెట్‌కీ, ద ఎనిమిదికీ మార్చండి, మిగతావి అక్కడే ఉంటాయి. ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం కొట్టే యాప్) నిమిషానికి 60 దెబ్బలకి పెట్టి, ఒక్కో దెబ్బకి ఒక్కో స్వరం వాయించండి. పిక్ ఒకసారి కిందికి, ఒకసారి పైకి.

మా వీధిలో వీణ నేర్పే అమ్మగారు ఒకరు కిటికీలోంచి విని, స్వరం వాయించే ముందు పాడుతున్నావా అని అడిగారు. లేదన్నాను. పాడి వాయించమన్నారు. సిగ్గుపడకుండా చేశాను. వారంలోనే వేలు ఏ ఫ్రెట్‌కి వెళ్ళాలో చూడకుండా తెలియడం మొదలైంది. ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి.

రోజుకి 20 నిమిషాలు చాలు, కానీ రోజూ. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చుంటే వేళ్ళు బొబ్బలెక్కుతాయి తప్ప ఏమీ రాదు. వేలి కొనలు రెండు మూడు వారాలు నొప్పెడతాయి, తర్వాత చర్మం గట్టిపడుతుంది. మణికట్టులో నొప్పి మాత్రం వేరు. అది వస్తే ఆ రోజుకి ఆపేసి, మర్నాడు కూర్చునే తీరు మార్చి చూడండి.

రెండో నెల: స, ప కలిపితే పవర్ కార్డ్

రాక్ పాటల్లో ఆ బరువైన మోత ఎక్కడిదని అనుకుంటారు కదా, అది చాలాసార్లు మన తంబురాలో మోగే స, ప జతే. చూపుడు వేలు ఆరో తీగ 3వ ఫ్రెట్ మీద, ఉంగరపు వేలు ఐదో తీగ 5వ ఫ్రెట్ మీద పెట్టండి. మొదటిది స, రెండోది ప. చిటికెన వేలితో నాలుగో తీగ 5వ ఫ్రెట్ కూడా నొక్కితే పై స. ఈ ఆకారాన్ని మార్చకుండా మెడ మీద జరిపితే శ్రుతి మారుతుంది, జత మారదు. స, ప ల కంపనాల నిష్పత్తి 2:3. డిస్టార్షన్ రెండు స్వరాలని నలిపినప్పుడు వాటి తేడా కూడా కొత్త స్వరంగా పుడుతుంది. మూడులోంచి రెండు తీస్తే ఒకటి, అంటే కింది స. అందుకే ఈ జత ఎంత డిస్టార్షన్‌కైనా చెదరదు. స, గ కలిపి అదే చేస్తే బురదగా వినిపిస్తుంది.

ఇక్కడే అసలు కష్టం వస్తుంది. వాయించని తీగలు మోగకూడదు. కరెంటు లేని అకూస్టిక్ గిటార్‌లో కొంత మోగినా అందంగానే ఉంటుంది. ఎలక్ట్రిక్‌లో యాంప్ ప్రతి చిన్న కదలికనీ పెద్దది చేస్తుంది. చూపుడు వేలు కొనతో నొక్కుతూనే, ఆ వేలి అడుగు భాగాన్ని కింద ఉన్న సన్న తీగల మీద తేలిగ్గా ఆనించండి, నొక్కకండి. కుడి అరచేతి అంచుని బ్రిడ్జి పక్కన లావు తీగల మీద ఉంచండి. కాస్త బ్రిడ్జి మీదికి జరిగితే తీగ స్వేచ్ఛగా మోగుతుంది, కాస్త ముందుకి వస్తే టుక్ టుక్ అని మూసుకున్న శబ్దం వస్తుంది. ఆ రెండింటి మధ్య అరచేతిని జరుపుతూ పది నిమిషాలు వాయించండి. నాకు నెలంతా పట్టింది, పట్టినందుకు సంతోషమే. ఎవరైనా గిటార్ వాయిస్తుంటే చేయి తిరిగినవాళ్ళో కాదో నేను ఇప్పుడు దీన్ని బట్టే వింటాను.

మూడో నెల: శుద్ధ ధన్యాసి

ప్రపంచంలో గిటార్ నేర్చుకునే చాలామందికి మొదట చెప్పే స్కేలు మైనర్ పెంటటోనిక్. స గ మ ప ని, ఐదే స్వరాలు, గ, ని రెండూ కోమలం. మనకది శుద్ధ ధన్యాసి. 5వ ఫ్రెట్ దగ్గర చూపుడు వేలు పెట్టుకుని ఆరో తీగ మీద 5, 8. ఐదు, నాలుగు, మూడు తీగల మీద 5, 7. రెండు, ఒకటి తీగల మీద మళ్ళీ 5, 8. మొదట వాయించింది స. పైకీ కిందికీ చూడకుండా వెళ్ళగలిగే దాకా వాయించి, తర్వాత మీకిష్టమైన చోట ఆగుతూ మీ సొంత వరసలు అల్లండి.

ఆపైన తీగ లాగడం, గిటార్‌లో బెండ్ అంటారు. వీణలో తంత్రిని పక్కకి లాగి గమకం పలికించినట్టే. మూడో తీగ 7వ ఫ్రెట్ మీద మ ఉంది. ముందు రెండో తీగ 5వ ఫ్రెట్ వాయించి ప ఎలా ఉందో వినండి. ఇప్పుడు ఉంగరపు వేలితో మూడో తీగ నొక్కి, వెనకాల చూపుడు, మధ్య వేళ్ళు కూడా తోడుపెట్టి, తీగని పైకి నెట్టండి. మ లోంచి ప దాకా వెళ్ళాలి. వేళ్ళతో కాకుండా, తాళం తిప్పినట్టు మణికట్టు తిప్పితే తేలిగ్గా లేస్తుంది. దాదాపు అందరూ ప కి కొంచెం కిందే ఆగిపోతారు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే తెలుస్తుంది.

మన వైపు గాలిలో తడి ఎక్కువ. వాయించిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో తీగల పైనా కిందా తుడవండి. వానాకాలంలో సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. తీగ నల్లబడి గరుగ్గా తగిలితే సెట్టు మార్చే సమయమైనట్టు.

సంక్రాంతి దగ్గరికి వచ్చింది కదా, ఇప్పుడు డిస్టార్షన్ చానల్ పెట్టండి. గెయిన్ సగానికి మించొద్దు. అరచేయి లావు తీగల మీద ఆనించి, మూడో తీగ 7వ ఫ్రెట్ వాయించి, ప దాకా లాగి, వేలు వదలకుండా అక్కడే పట్టుకోండి. యాంప్ వైపు తిరిగి, ఆ ప ఎంతసేపు నిలబడుతుందో వినండి.