కార్డు మార్చాక రూటర్ లేవట్లేదా? సిస్కో ఫ్లాష్ అప్‌గ్రేడ్‌లో వచ్చే చిక్కులు

సిస్కో 1841, 2811 రూటర్లు, ఏఎస్ఏ 5505, 5510 ఫైర్‌వాల్స్ చాలా ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నడిచాయి. వీటిలో ఫ్లాష్, అంటే సాఫ్ట్‌వేర్ ఫైలు ఉండే చోటు, ఒక కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డే. రూటర్లలో తీసి పెట్టడం నిమిషం పని, టెన్షన్ అంతా ఆ తర్వాతే.

సమస్య: కొత్త ఐఓఎస్ (సిస్కో ఆపరేటింగ్ సిస్టమ్) కాపీ చేస్తుంటే చోటు చాలదంటోంది

‘షో వెర్షన్’ కమాండ్ కొడితే వచ్చేదాని చివర్లో కాంపాక్ట్‌ఫ్లాష్ 62720కె అని ఉంటే అది 64 ఎంబీ కార్డు. పాత ఇమేజ్ (ఐఓఎస్ ఫైలు) చెరిపేసి చోటు చేయొచ్చు. కానీ కాపీ మధ్యలో కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. నన్నడిగితే పెద్ద కార్డు వేయడమే మేలు.

పనిలో పనిగా అందులోనే మెమరీ లైను కూడా చూడండి. 236544కె/25600కె అని ఉంటే రెండూ కలిపి 262144కె, అంటే 256 ఎంబీ ర్యామ్. కొత్త ఇమేజ్‌కి ర్యామ్ చాలకపోతే ఫ్లాష్ ఎంత పెంచినా లాభం లేదు. ఏఎస్ఏ 8.3 వెర్షన్ నుంచి 5505కి కొన్ని లైసెన్సుల్లో 512 ఎంబీ, 5510కి 1 జీబీ ర్యామ్ కావాలి.

సమస్య: కార్డు మార్చి ఆన్ చేస్తే రామాన్ (ఐఓఎస్ దొరకనప్పుడు కనిపించే బూట్ ప్రోగ్రామ్) ప్రాంప్ట్ దగ్గరే ఆగింది

చాలాసార్లు కారణం కార్డును కంప్యూటర్‌లో ఎన్‌టీఎఫ్ఎస్‌గానో ఫ్యాట్32గానో ఫార్మాట్ చేయడం. ఈ తరం రూటర్లలో ఐఓఎస్ బూట్ అయ్యాక ర్యామ్‌లోంచి నడుస్తుంది. అందుకే పాత కార్డుతో బూట్ చేసి, రూటర్ ఆన్‌లో ఉండగానే, కార్డు లైటు వెలగని సమయం చూసి పాతది తీసి కొత్తది పెట్టండి. రూటర్‌తోనే ఫార్మాట్ చేయించి ఇమేజ్ ఎక్కించండి. అప్పటిదాకా రీబూట్ మాట ఎత్తొద్దు. పాత కార్డును మాత్రం చెరపకుండా దాచండి.

సమస్య: టీఎఫ్‌టీపీ కాపీ 32 ఎంబీ దగ్గర తెగిపోతోంది

తప్పు కార్డుది కాదు. టీఎఫ్‌టీపీ అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే ఒక పద్ధతి. అది ఫైలును 512 బైట్ల బ్లాకులుగా పంపుతుంది, బ్లాక్ నంబరు 65,535 దాటదు. పాత సర్వర్ ప్రోగ్రాములు అక్కడే చేతులెత్తేస్తాయి. ఎఫ్‌టీపీ వాడండి.

సమస్య: ఫైర్‌వాల్ లేచింది గానీ కాన్ఫిగరేషన్, లైసెన్స్ రెండూ లేవు

రూటర్‌కు అలవాటుపడ్డవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. రూటర్‌లో స్టార్టప్ కాన్ఫిగరేషన్ ఎన్‌వీర్యామ్ అనే వేరే మెమరీలో ఉంటుంది, కార్డు తీసినా దానికేమీ కాదు. ఏఎస్ఏలో అది ఫ్లాష్‌లోనే ఉంటుంది. లైసెన్స్ యాక్టివేషన్ కీ కూడా అదే కార్డులో దాగిన ఫైలు. కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకున్నా ఈ కీ అందులోకి రాదు. కొత్త కార్డు వేస్తే వీపీఎన్ యూజర్ల పరిమితి మూల లైసెన్స్‌కు పడిపోవచ్చు.

కార్డు ముట్టుకునే ముందే ‘షో యాక్టివేషన్-కీ’ కొట్టి, సీరియల్ నంబరుతో సహా ఆ కీని ఒక ఫైల్లో దాచుకోండి. కార్డు మార్చాక ‘యాక్టివేషన్-కీ’ కమాండ్‌తో తిరిగి ఎక్కించవచ్చు. కీ ఆ సీరియల్ నంబరుకే కట్టుబడి ఉంటుంది కాబట్టి పక్క పెట్టె కీ పనికిరాదు. 5505లో కార్డు లోపల ఉంటుంది, పవర్ తీసి పెట్టె విప్పాల్సిందే. దానికి సిస్కో సపోర్టు 2022 ఆగస్టులోనే అయిపోయింది. ల్యాబ్‌కైతే సరే, ఇంటర్నెట్ ఎదుట పెట్టడానికి మాత్రం దానిమీద డబ్బు తగలేయొద్దు.

ఏ పెట్టెకైనా రీలోడ్‌కు (రీబూట్‌కు) ముందు ‘వెరిఫై’ కమాండ్‌తో ఎండీ5 (ఫైలు పాడవలేదని చెప్పే గుర్తు సంఖ్య) సరిచూసి, కాన్ఫిగరేషన్‌లోని ‘బూట్ సిస్టమ్’ లైనులో కొత్త ఫైలు పేరు ఉందో లేదో చూసి, సేవ్ చేయండి.