మిద్దె మీదే గోల్ఫ్ పటింగ్ నేర్చుకోవడం ఎలా?

గోల్ఫ్ అనగానే బంతిని ఆకాశంలోకి కొట్టడమే అందరికీ గుర్తొస్తుంది. అయితే పార్ 72 మైదానంలో (అంటే ఆట మొత్తం 72 దెబ్బల్లో ముగించాలని లెక్కగట్టిన చోట) 18 గుంతలకూ రెండేసి చొప్పున 36 దెబ్బలు, అంటే సరిగ్గా సగం, బంతిని నేలమీద దొర్లించి గుంతలో వేయడానికే కేటాయించినవి. ఆ దొర్లించడమే పటింగ్, దానికి వాడే కర్ర పటర్. దీనికి కండబలం అక్కర్లేదు. తిరుపతిలో పిట్టగోడ ఉన్న మిద్దె ఏదైనా సాధనకు చాలు.

ఒక పటర్, మూడు బంతులు, ఒక స్టీలు గ్లాసు, పాత జంపఖానా సిద్ధం చేసుకోండి. పటర్ ఎవరో వాడినదైనా ఫరవాలేదు. గచ్చు మీద బంతి మరీ జోరుగా పోతుంది కాబట్టి జంపఖానాను ముడతలు లేకుండా పరచి, చివర గ్లాసును పడుకోబెట్టండి. అసలు గుంత వెడల్పు 4.25 అంగుళాలు. గ్లాసు మూతి అంతకంటే చిన్నది. దీనికి అలవాటుపడితే గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, గుంత విశాలంగా కనిపిస్తుంది.

ముందు నిలబడటం నేర్చుకోవాలి. పాదాలను భుజాలంత ఎడంగా ఉంచి, నడుము దగ్గర వంగండి. కళ్లు బంతికి సరిగ్గా పైన ఉన్నాయో లేదో చూసుకోవడానికి, ఇంకో బంతిని ముక్కు మొదలు దగ్గర పట్టుకుని వదలండి. అది కింది బంతి మీదో, దానికి కాస్త ఇవతలో పడాలి. కుడిచేతివాటం వారికి ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద, రెండు బొటనవేళ్లూ పిడి మీద నిటారుగా ఉండాలి. ముగ్గు పిండిని గట్టిగా నొక్కి పడితే గీత రాదు కదా, పటర్‌ను కూడా అలా బిగించకూడదు.

ఇక కొట్టడం. మణికట్లు కదలకూడదు. భుజాలూ చేతులూ కలిసి ఉయ్యాలలా వెనక్కి వెళ్లి ముందుకు రావాలి. దూరం పెరిగితే ఊపు పొడవు పెంచండి, విసురు కాదు. కొత్తవారు ఎక్కువగా చేసే తప్పు, బంతి ఎటు పోతోందో చూడాలని ముందే తల ఎత్తడం. గ్లాసు టంగుమని మోగేదాకా చూపు నేలమీదే ఉంచండి.

గురి కుదరడానికి, పటర్ పట్టేంత సందు వదిలి రెండు అగ్గిపెట్టెలు నిలబెట్టి వాటి మధ్య నుంచి కొట్టండి. పడిపోతే పటర్ పక్కకు పోయిందని అర్థం. తర్వాత 3, 6, 9 అడుగుల దగ్గర ముగ్గు పిండితో గీతలు గీసి, ఒక్కో బంతిని ఒక్కో గీత మీద ఆపడానికి ప్రయత్నించండి. గురి కంటే ఇదే కష్టం, రోజూ ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. నెమ్మదిగా చేరిన బంతి గుంత అంచు తగిలినా లోపల పడుతుంది. జోరుగా వచ్చినది నడిమధ్యకు వస్తే తప్ప పడదు.

మిద్దె నేర్పే అసలు పాఠం వాటం. వాన నీరు తూము వైపు పోయేలా ప్రతి మిద్దెకూ వాటం ఇస్తారు. జంపఖానా తీసేసి, ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. నీళ్లు కాసేపు సూటిగా పోతున్నట్టే ఉండి, వేగం తగ్గేకొద్దీ తూము వైపు ఒరుగుతాయి. గచ్చు ఆరాక అక్కడే బంతిని దొర్లించండి. ఆగబోయే ముందే అది ఎక్కువగా వంగుతుంది. కాబట్టి గ్లాసుకు సూటిగా కాకుండా, ఎత్తు వైపు జానెడు దూరంలో గురిపెట్టి చూడండి. చాలకపోతే ఇంకాస్త జరపండి. ఊరికీ ఒక వాటం ఉంటుంది: శేషాచలం కొండల నుంచి నేల స్వర్ణముఖి నది వైపు వాలి ఉంటుంది. కొండ పక్కన ఉన్న గ్రీన్ మీద బంతి కొండకు దూరంగా ఒరుగుతుందని గోల్ఫ్ ఆడేవారు అనడం ఇందుకే.

ఈ చూపు ఇంట్లోనే అలవడాలి. ఎందుకంటే ఆట సాగుతుండగా గ్రీన్ మీద బంతి దొర్లించి వాటం పరీక్షించడానికి నియమాలు ఒప్పుకోవు. గుంత చుట్టూ నడిచి, పల్లం ఎటుందో కంటితో, పాదాలతో తెలుసుకోవాలి. 2019 నుంచి జెండా కర్రను గుంతలోనే ఉంచి పట్ కొట్టవచ్చు. బంతిని తుడవాలనుకుంటే ముందు దాని వెనక ఒక నాణెం పెట్టి ఎత్తండి. తిరిగి అదే చోట బంతిని ఉంచాకే నాణెం తీయండి.