లోగో నీలం ఊదాగా మారకుండా

ఫోన్‌లో చక్కగా మెరిసే లోగో నీలం విజిటింగ్ కార్డు మీదకొచ్చేసరికి ఊదా రంగులోకి దిగిపోతుంది. తెర నీలాన్ని సీఎంవైకేలోకి (ప్రింటుకి వాడే సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు ఇంకుల లెక్క) మార్చినప్పుడు సయాన్, మెజెంటా దాదాపు సమానంగా పడటమే కారణం.

అందుకే విశాఖ రుషికొండ ఐటీ హిల్‌లో ఆఫీసు బోర్డు పెట్టకముందే, రంగును ప్రింటు వైపు నుంచి ఎంచుకోండి. సీఎంవైకే ఫైల్లో ఒక ఏ4 పేజీ మీద 8 గళ్లు గీయండి. అన్నింటిలో సయాన్ 100 శాతం, పసుపు 0, నలుపు 0. మెజెంటా మాత్రం 40తో మొదలుపెట్టి గడికి 5 చొప్పున 75 వరకు పెంచండి. ప్రతి గడి కిందా దాని మెజెంటా అంకె వేయండి, లేకపోతే తర్వాత ఏది ఏదో తెలియదు. కార్డులకు వాడే 300 జీఎస్ఎం కాగితం మీదే, కార్డులు వేసే షాపులోనే ఒక్క షీటు తీయించండి. ట్యూబ్‌లైటు కింద కాదు, గుమ్మం బయట పగటి వెలుతురులో చూడండి. సాధారణంగా మెజెంటా 70 దాటితే ఊదా ఛాయ మొదలవుతుంది. నచ్చిన గడికి దగ్గరగా ఉండే ఆర్‌జీబీ (తెర రంగుల లెక్క) రంగును వెబ్‌సైటుకి పెట్టుకోండి.

ఫైలు పీడీఎఫ్‌గానే ఇవ్వండి; వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఈ అంకెలేవీ మిగలవు.

ఫ్లెక్సీకి మాత్రం ఈ షీటు పనికిరాదు. దాని ఇంకు, మెటీరియల్ వేరు, ఒక అడుగు పొడవు ముక్క విడిగా తీయించాల్సిందే. కార్డుకి మ్యాట్ ల్యామినేషన్ వేయిస్తే నమూనాకీ వేయించండి, అది రంగును కాస్త మసకబారుస్తుంది.