పాత ట్రైలర్‌లో టాయిలెట్ మార్చాలంటే ముందు నేలను చూడాలి

పాత ట్రావెల్ ట్రైలర్‌ను (బండికి తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇంటిని) బాగు చేయించుకునేవారిలో చాలామంది, టాయిలెట్ వంతు వచ్చేసరికి కొత్తదాని ధర వెతకడంతో పని మొదలుపెడతారు. నిజానికి కొత్త టాయిలెట్‌ను బిగించడం ఈ పనిలో అన్నింటికంటే తేలికైన భాగం. దాని కింద ఉన్న చెక్క నేల, ఆ నేలకు బిగించిన ఫ్లాంజ్ (టాయిలెట్‌ను పైపుకు కలిపే వలయం), అక్కడి నుంచి ట్యాంకులోకి దిగే పైపు ఏ స్థితిలో ఉన్నాయన్న దాన్ని బట్టే పని ఒక పూటలో ముగుస్తుందా, వారం పడుతుందా అన్నది తేలుతుంది. విశాఖపట్నంలో సముద్రపు గాలిలోని ఉప్పూ తేమా ఏళ్ల తరబడి సోకిన ట్రైలర్‌లో, పైకి గట్టిగా కనిపించే నేల లోపల మెత్తబడి ఉండే అవకాశం ఎక్కువ. అందువల్ల పాతదాన్ని విప్పి కింద ఏముందో కళ్లారా చూసేదాకా కొత్తది కొనవద్దు.

మీ ట్రైలర్‌లో ఉన్నది ఏ రకమో మొదట గుర్తించాలి. అమెరికాలో తయారైన ట్రైలర్లలో సాధారణంగా టాయిలెట్ నేలకు బిగించి ఉంటుంది. కాలితో పెడల్ నొక్కగానే గిన్నె అడుగున ఉన్న మూత తెరుచుకుని, మలం 3 అంగుళాల పైపు గుండా నేరుగా నేల కింది ట్యాంకులోకి జారుతుంది. యూరప్‌లో తయారైనవాటిలో క్యాసెట్ పద్ధతి ఎక్కువ: టాయిలెట్ కింద సుమారు 18 లీటర్లు పట్టే డబ్బా ఉంటుంది, ట్రైలర్ బయటి గోడకున్న చిన్న తలుపు తీసి దాన్ని బయటికి లాగి ఖాళీ చేసుకోవచ్చు. ఇక్కడ చెప్పేదంతా మొదటి రకం గురించే.

ఇంటి కమోడ్‌నే తెచ్చి పెట్టేస్తే పోదా అని మన ప్లంబర్లు తప్పకుండా అడుగుతారు. పోదు. ఇంటి కమోడ్‌లో దుర్వాసనను ఆపేది దాని వంపులో నిలిచి ఉండే నీరు. బండి కుదుపులకు ఆ నీరు కాస్తా ఒలికిపోతే ట్యాంకు వాసన అంతా లోపలికి వస్తుంది. పైగా ఒక్కో ఫ్లష్‌కు 6 లీటర్ల చొప్పున పోతే 100 లీటర్ల ట్యాంకు 16 ఫ్లష్‌లకే నిండిపోతుంది. ట్రైలర్ టాయిలెట్‌లో వంపు ఉండదు. రబ్బరు సీలుకు ఆనుకుని మూసుకునే మూత, దాని మీద నిలిచే కొద్దిపాటి నీరు, ఈ రెండే వాసనను అడ్డుకుంటాయి. కాబట్టి ఆ సీలు పాడైతే టాయిలెట్ మొత్తం పాడైనట్టే అనిపిస్తుంది. గిన్నెలో నిలవాల్సిన నీరు కిందికి కారిపోవడం ఒక్కటే మీ ఇబ్బంది అయితే, గిన్నె పింగాణీదై పగుళ్లు లేకుండా ఉంటే, సీలు మార్చుకుని ఊరుకోవడమే తెలివైన పని. పాత పింగాణీ గిన్నెలు నేటి ప్లాస్టిక్ గిన్నెలకంటే శుభ్రం చేయడానికి సులువుగా ఉంటాయి, చూడడానికీ బాగుంటాయి. నీటి వాల్వు పగిలినా, పెడల్ యంత్రాంగం తుప్పుపట్టి విడిభాగాలు దొరకకపోయినా మాత్రం మార్చక తప్పదు.

విప్పడానికి ముందు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, రెండు మూడు సార్లు నీటితో నింపి కడగాలి. ఈ మురుగును వీధి కాలువలోకో, పక్కనున్న గెడ్డలోకో వదలడం ఎంత మాత్రం తగదు. విశాఖలో గెడ్డలు చివరికి కలిసేది సముద్రంలోనే. ఇంటి సెప్టిక్ ట్యాంకు మూత తెరిచి గొట్టం ద్వారా అందులోకి వదలవచ్చు, లేదా సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే లారీని పిలిపించి లాగించవచ్చు. ఎండిపోయి గట్టిపడిన మలాన్ని మనిషి చేత ఎత్తించే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. దాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. నీటిలో బాగా నానబెడితే అది మెత్తబడి వస్తుంది. క్రిమిసంహారం కోసం బ్లీచింగ్ పౌడరు వాడితే, ఆ రోజు యాసిడ్‌తో చేసిన టాయిలెట్ క్లీనర్‌ను దాని దరిదాపులకు రానివ్వకూడదు, ఎందుకంటే రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ట్రైలర్ స్నానాల గదంత ఇరుకు చోట అది ప్రాణాంతకం. పాత ట్యాంకులో మీథేన్, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పోగై ఉంటాయి కనుక కిటికీలు తలుపులు తెరిచి ఉంచాలి, అగ్గిపుల్ల గీయకూడదు, పైపు నోట్లోకి ముఖం వంచి చూడకూడదు.

ఇక విప్పడం. నీటి పంపు స్విచ్చి ఆపి, కొళాయి తిప్పి పైపులోని ఒత్తిడి పోగొట్టి, టాయిలెట్ వెనక ఉన్న నీటి గొట్టాన్ని విప్పాలి. అడుగున ఇరువైపులా, కొన్నింటిలో నాలుగు మూలలా, ప్లాస్టిక్ టోపీల కింద నట్టులు ఉంటాయి. మన ఊరి గాలికి అవి తుప్పుపట్టి బిగుసుకుపోవడం మామూలే. తుప్పు వదిలించే నూనె చల్లి ఒక పూట ఆగి చూడాలి, అప్పటికీ రాకపోతే హాక్సా బ్లేడుతో బోల్టును కోయడమే మేలు. బలవంతంగా తిప్పితే బోల్టుతో పాటు ఫ్లాంజ్ కూడా విరుగుతుంది. టాయిలెట్‌ను పైకెత్తగానే పైపు నోటిలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పాత బట్టను కుక్కి, దానికి ఒక తాడు కట్టి బయట వదలాలి. తాడు లేని బట్ట జారి ట్యాంకులో పడితే దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు అసలు పని. ఫ్లాంజ్ చుట్టూ ఉన్న చెక్కను సన్నని స్క్రూడ్రైవర్‌తో అడుగడుగునా గుచ్చి చూడాలి. గట్టి ప్లైవుడ్‌లోకి మొన దిగదు. కుళ్లినదాంట్లోకి తడి బిస్కెట్‌లోకి దిగినట్టు దిగిపోతుంది. నల్లబడిన చోట్లు, పొరలు విడిపోయిన అంచులు, చెదలు తిన్న జాడలు ఉన్నాయేమో చూసి, గట్టి చెక్క తగిలేదాకా కోసి తీసేయాలి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు: చేతి వెడల్పంత మెత్తదనం మిగిల్చి దానిమీద కొత్త టాయిలెట్‌ను బిగిస్తే, మనిషి కూర్చున్న ప్రతిసారీ నేల కొద్దిగా వంగి, సీలు కొద్దిగా కదిలి, నీరు మళ్లీ అదే చెక్కలోకి దిగుతుంది. కోసిన చోట పెట్టే ముక్కకు మెరైన్ ప్లైవుడ్ తీసుకోవాలి. ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడగండి. మందం పాత నేల మందంతో సమానంగా ఉండాలి. కొత్త ముక్క అంచులు గాలిలో వేలాడకుండా కింద అడ్డపట్టీలు వేసి, వాటికి స్క్రూలతో బిగించి, ముక్కకు అన్ని వైపులా, ముఖ్యంగా కోసిన అంచులకు, ఎపాక్సీ (నీరు చొరకుండా గట్టిపడే రెజిన్) పూయాలి. ప్లైవుడ్ నీరు తాగేది అంచుల గుండానే.

ఈ పనికి ఇంటి వడ్రంగి కంటే ఫిషింగ్ హార్బర్ దగ్గర పడవలు బాగు చేసేవారు మేలని నా అభిప్రాయం. ఫైబర్ గ్లాస్, రెజిన్, ఉప్పునీటికి తట్టుకునే చెక్క, ఇవి వారికి రోజువారీ సరుకులు. తడి చేరే మూలను ఎలా మూయాలో వారికి విడిగా చెప్పనక్కరలేదు. నేల కింది ఇనుప చట్రం తుప్పుపట్టి వెల్డింగ్ అవసరమైతే మాత్రం గాజువాక ఆటోనగర్‌కు బండిని తీసుకెళ్లాల్సిందే. ఏది చేసినా వానాకాలంలోనూ, తుపాన్ల రోజులైన అక్టోబరు, నవంబరులలోనూ పెట్టుకోవద్దు. తడి ఆరని చెక్కకు ఎపాక్సీ పూస్తే ఆ తడిని లోపల బంధించినట్టవుతుంది, కుళ్లు మళ్లీ మొదలవుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి కాస్త పొడిగా ఉండే రోజులు ఇందుకు అనువైనవి.

నేల గట్టిపడ్డాక ఫ్లాంజ్ సంగతి. పాత ఫ్లాంజ్ పగలకుండా ఉండి, స్క్రూలు గట్టి చెక్కను పట్టుకుంటే దాన్నే ఉంచవచ్చు. మార్చాల్సి వస్తే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. అమెరికన్ 3 అంగుళాల పైపు బయటి వ్యాసం 88.9 మిల్లీమీటర్లు, మన 90 మిల్లీమీటర్ల పైపు సామాను దానికి సరిపోయినట్టే కనిపిస్తుంది కాని నీరు కారకుండా అతకదు. రెండోది, పాత ట్రైలర్లలో ఆ పైపు తరచుగా నల్లని ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసింది. మన దుకాణాల్లో దొరికే పీవీసీ జిగురు దాన్ని నమ్మకంగా అంటించదు. ఈ రెండు చిక్కులకూ కలిపి ఒకటే మార్గం: పైపు మీద రబ్బరు కప్లింగ్ తొడిగి స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులతో బిగించడం. ఫ్లాంజ్ పైభాగం నేలకంటే సుమారు 6 నుంచి 11 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే చాలా టాయిలెట్లకు సరిపోతుంది. మీరు కొనబోయేదానితో వచ్చే కాగితంలో ఆ కొలత ఉంటుంది. కొత్త ప్లైవుడ్ మీద వినైల్ షీటు కూడా వేయదలచుకుంటే ఆ మందాన్ని ముందే లెక్కలో కలపాలి, లేకపోతే ఫ్లాంజ్ నేలలోకి కుంగినట్టయి సీలుకు నొక్కుడు చాలదు.

కొనడానికి కొలతలు తీసుకునేది ఇప్పుడు. వెనక గోడ నుంచి ఫ్లాంజ్ నడిమధ్య వరకు ఉన్న దూరం అన్నింటికంటే ముఖ్యం; అది 11 అంగుళాలకు తగ్గితే చాలా నమూనాలు పట్టవు. పక్క గోడలకు ఉన్న దూరం, తలుపు తెరుచుకునే మేర, కూర్చున్నప్పుడు మోకాళ్లకు మిగిలే చోటు కూడా చూసుకోవాలి. పాత ట్రైలర్లలో టాయిలెట్ తరచుగా మెట్టులాంటి దిమ్మ మీద ఉంటుంది. అలాంటి చోట ఎత్తు తక్కువ నమూనాను, నేల మీదే ఉంటే సుమారు 17, 18 అంగుళాల ఎత్తున్న నమూనాను ఎంచుకోవాలి. థెట్‌ఫర్డ్, డొమెటిక్ సంస్థల నేలకు బిగించే నమూనాలను బయటి నుంచి తెప్పించుకోవాల్సి రావచ్చు కనుక, వాటితో పాటే అడుగు సీలు, గిన్నె సీలు ఒక్కొక్కటి అదనంగా తెప్పించుకోండి. ఓడల సామాను అమ్మేవారి దగ్గర పడవ టాయిలెట్లు దొరుకుతాయి కాని వాటిలో చాలావరకు పంపుతో మలాన్ని సన్నని గొట్టంలోకి నెట్టేవి. నేరుగా ట్యాంకులోకి జారే మన ఏర్పాటుకు అవి కుదరవు.

బిగించేటప్పుడు తెల్ల సిమెంటును దగ్గరికి రానివ్వకండి. ఇళ్లలో కమోడ్ చుట్టూ దాన్ని పూయడం మన దగ్గర అలవాటే, కాని కదిలే నేల మీద అది మొదటి ఘాట్ రోడ్డులోనే పగుళ్లు తీస్తుంది. విదేశీ సామానులో కనిపించే మైనపు రింగు కూడా వద్దు; కుదుపులకు నలిగిన మైనం మళ్లీ మొదటి ఆకారానికి రాదు, మే నెల ఎండలో మూసి ఉంచిన ట్రైలర్‌లో మరింత మెత్తబడుతుంది. టాయిలెట్‌తో వచ్చే రబ్బరు లేదా ఫోమ్ సీలే సరైనది. బోల్టులు, నట్టులు, వాషర్లు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తీసుకోండి, ఉప్పుగాలికి అవి 304 రకం కంటే బాగా నిలుస్తాయి. సీలును ఫ్లాంజ్ మీద సరిగ్గా కూర్చోబెట్టి, టాయిలెట్‌ను నిలువుగా దించి, దానిమీద కూర్చుని బరువుతో నొక్కి, ఆపైన నట్టులను ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కొద్దికొద్దిగా బిగించాలి. ఊపితే కదలకపోతే చాలు, అక్కడితో ఆపేయాలి. పింగాణీ పగిలేది ఆ తర్వాతి అర చుట్టులోనే.

నీటి గొట్టం దగ్గర ఒక మాయ ఉంది. అమెరికన్ టాయిలెట్ వాల్వు మీద ఉండే అరంగుళం మరలు, మన అరంగుళం ఫిట్టింగుల మరలు, రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. అందువల్ల ఒకదానిలో ఒకటి చక్కగా ఎక్కుతాయి. కాని మర కోణం ఒకదానికి 60 డిగ్రీలు, మరొకదానికి 55 డిగ్రీలు కావడంతో ఎంత టెఫ్లాన్ టేపు చుట్టినా పంపు ఒత్తిడికి బొట్టు బొట్టుగా కారవచ్చు, ఇంకా గట్టిగా బిగిస్తే ప్లాస్టిక్ వాల్వు చీలుతుంది. రబ్బరు వాషరు ఉన్న ఫ్లెక్సిబుల్ గొట్టాన్ని వాడితే మరల మీద ఆధారపడే పని ఉండదు. దానికి ముందు నీటిని ఆపే ఒక స్టాప్ కాక్ పెట్టుకోండి. మన ఇళ్లలో హెల్త్ ఫాసెట్ లేనిదే కుదరదు కనుక దానికీ అక్కడే టీ జాయింటు వేసి నీరు తీసుకోవచ్చు, అయితే ఆ నీరంతా ట్యాంకులోకే చేరుతుందనీ, బకెట్‌తో స్నానాల గది నేలంతా కడిగే అలవాటు చెక్క నేల ఉన్న బండిలో సాగదనీ ఇంట్లోవారికి ముందే చెప్పి పెట్టడం మంచిది. గిన్నె సీలుకు సిలికాన్ గ్రీజు తప్ప వాజలీను లాంటివేవీ రాయకూడదు, వాటికి రబ్బరు ఉబ్బి చెడిపోతుంది.

పరీక్షకు గిన్నెను సగం దాకా నింపి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లవారేసరికి మట్టం తగ్గకుంటే సీలు సరిగా కూర్చున్నట్టు. తర్వాత అడుగు చుట్టూ పొడి కాగితం పరిచి, పలుమార్లు ఫ్లష్ చేసి, కాగితం తడిసిందేమో చూడాలి. అంచుకు సిలికాన్ పూయదలిస్తే ముందూ పక్కలా పూసి వెనకవైపు వదిలేయండి, రేపు ఎప్పుడైనా కారితే ఆ నీరు నేలలోకి దిగకముందే వెనక కనిపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నా వాసన వస్తుంటే పైకప్పు మీది గాలి గొట్టాన్ని చూడండి: పిట్ట గూడు అడ్డుపడి ఉండవచ్చు, లేదా గొట్టం పట్టు వదిలి కిందికి జారి, దాని కొన ట్యాంకులోని మురుగులో మునిగి ఉండవచ్చు.

మొదటి ప్రయాణం బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా చాలు. తిరిగి వచ్చాక నట్టులు, గొట్టం, క్లాంపులు తడిమి చూసుకుని, ఆ తర్వాతే అరకు ఘాట్ ఎక్కించండి. ఘాట్ దిగి వచ్చాక నట్టులను మరోసారి చూడాలి. కొత్త సీలు కాస్త అణిగి ఉంటుంది కనుక అప్పుడు పావు చుట్టు బిగింపు అవసరం కావచ్చు.