ఏ అభ్యర్థి మీకు ఎంత శాతం మ్యాచో చెప్పే సైట్లు: వాడే పద్ధతి

ఎన్నికల ముందు మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక లింకు వచ్చిందనుకోండి. ముప్పై ప్రశ్నలకి అవును, కాదు, చెప్పలేను అని నొక్కుకుంటూ పోతే చివర్లో ఫలానా అభ్యర్థి మీకు 72 శాతం మ్యాచ్, ఫలానా ఆవిడ 55 శాతం మ్యాచ్ అని చూపిస్తుంది. పనికొచ్చే వస్తువే, కాకపోతే చాలామంది ఆ అంకె చూసి ఆగిపోతారు, అసలు చూడాల్సింది దాని కింద ఉంటుంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. నెదర్లాండ్స్‌లో 1989లోనే కాగితం మీద మొదలైంది. జర్మనీలో 2002 నుంచి ఒక ప్రభుత్వ సంస్థే ‘వాల్-ఓ-మాట్’ పేరుతో నడుపుతోంది. స్విట్జర్లాండ్‌లో 2003లో వచ్చిన ‘స్మార్ట్‌వోట్’ మాత్రం ప్రైవేటు సంఘానిది, అక్కడ అభ్యర్థులే కూర్చుని ఆ ప్రశ్నలకి జవాబులు నింపుతారు. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి, మన దగ్గర చిక్కంతా అక్కడే.

లింకు తెరవక ముందే ఒక కాగితం తీసుకుని మీకు ఏం కావాలో నాలుగైదు ముక్కలు రాసుకోండి. విశాఖనే తీసుకుంటే, జ్ఞానాపురంలో ఉంటే పోర్టు బొగ్గు దుమ్ము, కొండవాలు కాలనీలో ఉంటే మంచినీళ్లు, మెట్లదారి, వానకి జారే రిటైనింగ్ వాల్, గాజువాకలో ఉంటే ట్రాఫిక్, ఉద్యోగాలు. ఇది ముందే ఎందుకంటే, సైటు అడిగిన ప్రశ్నలు చూశాక మనకి అవే ముఖ్యమనిపిస్తాయి, మన సొంత గోల వెనక్కి పోతుంది.

తరవాత సైటు ఎవరిదో చూడండి. నడిపేవాళ్ల పేరు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ప్రశ్నలు ఎవరు ఎంచారు, ఈ మూడూ ఎక్కడా రాసి లేకపోతే మూసేయండి. ఫోన్ నెంబరు, ఓటరు కార్డు నెంబరు, ఓటీపీ అడిగినా అంతే. అభ్యర్థుల జవాబులతో మీ జవాబులు పోల్చడానికి నెంబరుతో పనేముంది? నియోజకవర్గమో వార్డో చెబితే సరిపోతుంది. నెంబరు, వార్డు, రాజకీయ అభిప్రాయం మూడూ ఒకచోట చేరితే అది ప్రచారం చేసేవాళ్లకి తయారుగా దొరికిన లిస్టు. ఫలితం స్క్రీన్‌షాట్ కాలనీ గ్రూపులో పెట్టడం కూడా ఆ లిస్టులోకి మనంతట మనం ఎక్కడమే.

ఇప్పుడు ప్రశ్నలు. ఒక్కో ప్రశ్న దగ్గరా ఆగి, ఈ పని ఈ పదవిలో ఉన్నవాళ్ల చేతిలో ఉందా అని అడగండి. 2021 జనవరిలో విశాఖ స్టీల్ ప్లాంటు అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది, మార్చిలో జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికలు వచ్చాయి, ఊరంతా ప్లాంటు మాటే. కోపం న్యాయమైనదే, కానీ 98 వార్డుల కార్పొరేటర్లంతా కలిసినా కౌన్సిల్‌లో తీర్మానం చేయగలరు తప్ప కేంద్రం నిర్ణయాన్ని ఆపలేరు. అలాగే వార్డులో కాలువ పూడిక గురించి ఎంపీ అభ్యర్థిని పట్టుకుని మార్కులేసినా ఉపయోగం లేదు. ఆ పదవికి చెందని ప్రశ్న వస్తే ‘వదిలేయి’ నొక్కండి, లెక్కలోంచి పోతుంది. కార్పొరేటర్ ఎన్నికలో కూడా మీకు ప్లాంటు మీద పార్టీ వైఖరే ముఖ్యమైతే ఉంచుకోండి, అది తెలిసి చేస్తున్న పని కాబట్టి తప్పేం లేదు.

‘వదిలేయి’ వేరు, ‘చెప్పలేను’ వేరు. దీని దగ్గర కాస్త ఓపికగా లెక్క చూడండి. వాల్-ఓ-మాట్ తరహా లెక్కలో మీ జవాబు, అవతలి జవాబు ఒకటే అయితే 2 మార్కులు, ఒకరు అవును అని మరొకరు చెప్పలేను అంటే 1, పూర్తిగా ఎదురైతే సున్నా. పది ప్రశ్నలకీ మీరు గట్టిగా అవునో కాదో చెప్పారు. ఒక అభ్యర్థి నాలుగింట్లో మీతో కలిశాడు, ఆరింట్లో కలవలేదు, అతనికి 20కి 8, అంటే 40 శాతం. ఇంకొకాయన దేనికీ తేల్చకుండా పదింటికీ ‘చెప్పలేను’ అన్నాడు, ఆయనకి 20కి 10, అంటే 50 శాతం. ఏమీ మాట్లాడనాయన పైన కూర్చున్నాడు! గోడమీద పిల్లికి ఈ లెక్కలో ఎప్పుడూ సగం మార్కులు ఖాయం. అందుకే పై పేరు మీద నొక్కి, ఎన్ని చోట్ల ‘చెప్పలేను’ ఉందో చూడండి, అవి తీసేస్తే ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి.

రెట్టింపు బరువు ఇచ్చే బటన్ ఉంటే తప్పకుండా వాడండి, మీరు ముందు కాగితం మీద రాసుకున్నవాటికే. పది ప్రశ్నల్లో ఆరు కలిసినవాడికి 60 శాతం, ఐదు కలిసినావిడకి 50. కానీ ఆవిడ కలిసిన ఐదులో మూడు మీకు ప్రాణసమానం, అతను ఆ మూడింట్లోనూ ఎదురు. వాటికి రెట్టింపు ఇస్తే మొత్తం 26 మార్కులవుతాయి, అతనికి 12, ఆవిడకి 16. వరస తిరగబడింది.

ఇక మన చిక్కు. అభ్యర్థి జవాబు ఎవరు నింపారు? ఆయనే నింపారా, పార్టీ మేనిఫెస్టోలోంచి తీశారా, ఏదో ప్రసంగం చూసి సైటువాళ్లే ఊహించారా? ప్రతి జవాబు పక్కనా ఆధారం కనపడాలి. ఊహించినవైతే నేనైతే ఆ శాతాన్ని లెక్కచేయను. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్ల ఉపసంహరణ అయ్యాకే తుది జాబితా వస్తుంది, అంతకు ముందు ‘మీ అభ్యర్థి’ అని చూపించేది నిజానికి పార్టీనే. పైగా 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల విప్‌కి, అంటే ఇలా ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశానికి, ఎదురు ఓటేస్తే పదవే పోవచ్చు. సభలో ఓటింగ్ జరిగే విషయాల్లో వ్యక్తి మాటకన్నా పార్టీ మాటకే బరువివ్వండి, తన నియోజకవర్గంలో పనులు చేయించే విషయాల్లో వ్యక్తిని చూడండి.

సైటు చెప్పనిది కేసులు, ఆస్తులు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకైతే అది ఎన్నికల సంఘం సైటులో అభ్యర్థి ఇచ్చిన అఫిడవిట్‌లో, ఫారం 26లో ఉంటుంది. అదే సమాచారం తేలిగ్గా చదివేలా ‘మైనేత’ సైటులో పెడతారు. పైన వచ్చిన ఇద్దరి పేర్లు అక్కడ వెతకండి, తరవాత ప్రచారానికి గుమ్మంలోకి వచ్చినప్పుడు సైటులో ‘చెప్పలేను’ అన్న ప్రశ్నే ముఖం మీద అడగండి.

పోలింగ్ బూత్‌లోకి ఫోన్ రానివ్వరు. ఒకే పేరుతో ఇద్దరు నిలబడితే ఈవీఎం మీద ఫొటో ఉంటుంది గానీ, గుర్తు, వరస నెంబరు ముందే చూసుకుని వెళ్లండి.